ట్వి మాట్లాడాలంటే దేనితో మొదలుపెట్టాలి?

ఘనాలో, రాజధాని అక్రా పక్కనున్న తెమాలో దిగిన రెండో నెలలో ఒక సాయంత్రం టమాటాలు కొనడానికి వెళ్ళాను. అమ్మే ఆమె ధర చెప్పింది. ఆఫీసు డ్రైవర్ దగ్గర ముందురోజు బట్టీ పట్టిన మాటను ధీమాగా వదిలాను: "తొ సొ." ఆమె నవ్వింది. గుట్టలోంచి ఇంకో రెండు కాయలు తీసి నా సంచిలో పడేసి, ముందు చెప్పిన డబ్బే తీసుకుంది. బేరమాడితే ధర తగ్గించకుండా కాయలు వేస్తుందేమిటి అనుకుంటూ ఇంటికొచ్చాను. అసలు సంగతి మర్నాడు డ్రైవర్ చెప్పాడు. తగ్గించమనడానికి "తె సొ" అనాలట. "తొ సొ" అంటే ఇంకాస్త కలుపు అని. నేను బేరమాడలేదన్నమాట, కొసరు అడిగాను. ఆమె న్యాయంగా కొసరు వేసింది. కొసరుకు అక్కడి ట్వి భాషలో చక్కటి మాట ఉంది, "న్‌తొసొ" అని.

ఘనా వెళ్తున్నవాళ్ళు, వెళ్ళి కొన్నాళ్ళయినవాళ్ళు, అమెరికాలోనో లండన్‌లోనో ఘనా స్నేహితులున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "ట్వికి ఏ యాప్ మంచిది?" అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. దానికి ముందు తేల్చుకోవలసినవి ఇంకో రెండున్నాయి. మీకు కావలసింది ట్వియేనా? అయితే ఏ ట్వి? ఈ రెండూ తేలితే ఎవరి దగ్గర, దేనితో అన్నది సగం దానంతటదే తేలిపోతుంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ట్విలోని యాసల్లో అసాంతె యాస పట్టుకోండి. వారానికి రెండు గంటలు మనిషి దగ్గర నేర్చుకోండి. ఉచితంగా దొరికే పాత ఆడియో కోర్సు ఒకటి పక్కన పెట్టుకోండి. నోట్‌బుక్ తెలుగులో రాసుకోండి. యాప్ ఉంటే ఉండనివ్వండి, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఎందుకంటున్నానో, ఎవరికి ఇది వర్తించదో కింద రాస్తాను. అన్నట్టు, మనం ట్వి అని రాస్తున్నాం కానీ వాళ్ళు పలికేది "చ్వి" అని.

ఇంగ్లీషు చాలదా?

చాలామందికి చాలు. ఘనా అధికార భాష ఇంగ్లీషు. ఆఫీసు, బ్యాంకు, ఆస్పత్రి, ఇంటి ఓనరు, అన్నీ ఇంగ్లీషులోనే గడిచిపోతాయి. అక్రాలో ఏళ్ళ తరబడి ఉండి "మెదాసె" తప్ప ఇంకో ముక్క రాని మనవాళ్ళను చూశాను. వాళ్ళకేమీ లోటు జరగలేదు. మెదాసె అంటే థాంక్స్. మూడు నెలల ప్రాజెక్టు మీద వెళ్తుంటే పలకరింపులు, ధర అడగడం నేర్చుకుని వదిలేయండి. దానికి కోర్సు అక్కర్లేదు.

పిజిన్, అంటే అక్కడి కలగలుపు ఇంగ్లీషు, ఇంకో దారి. ఇంగ్లీషు వచ్చినవాడికి చెవి తొందరగానే అలవాటవుతుంది, కుర్రాళ్ళతో సరదాగా ఉంటుంది. కానీ అమ్మమ్మ వయసు ఆవిడ దగ్గరకెళ్ళి పిజిన్‌లో పలకరిస్తే ఏం బాగుంటుంది? ఆవిడను పొద్దున్నే ట్విలో "మాచే" అని పలకరిస్తే కలిగే సంతోషం వేరు.

ఉండబోయే ఊరు ముఖ్యం. కుమాసి అయితే ఆలోచించే పనే లేదు, ట్వి. అక్రా, తెమా ప్రాంతం నిజానికి గా భాష మాట్లాడే జనం నేల. జేమ్స్‌టౌన్, తెషి, నుంగువా లాంటి చోట్ల ఇంటి పక్కవాళ్ళు గా మాట్లాడుకుంటారు. అయినా మకోలా మార్కెట్లో, ట్రోట్రో అనే షేర్ వ్యాన్లలో ట్వితో పని జరిగిపోతుంది. హో వైపు వెళ్తే ఎవె, తమాలె వెళ్తే దాగ్బాని. అక్కడ ఉండబోయేవాళ్ళు ట్వి మీద డబ్బు పెట్టకండి. జనాభాలో సగానికి కాస్త తక్కువ మంది ఆకాన్లు, వాళ్ళ భాషల్లోదే ట్వి. వాళ్ళు కానివాళ్ళలో కూడా చాలామంది రెండో భాషగా మాట్లాడతారు. దేశంలో ఎక్కువ దూరం నడిచే స్థానిక భాష ఇదే.

విదేశాల్లో ఉన్నవాళ్ళు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఘనా వాళ్ళు చాలామంది ఉంటారు, మన నర్సులకు, ఐటీ వాళ్ళకు సహోద్యోగులుగా తగులుతుంటారు. ఘనా మనిషి కనబడగానే ఎలా ఉన్నావని "ఎతె సెన్" అనేయకండి. ముందు ఇంట్లో ఏం మాట్లాడతారని అడగండి. ఆయనది ఎవె అయితే మీ ట్వి ఆయనకు అర్థమవుతుంది, నవ్వుతూ జవాబూ చెప్తాడు. మనల్ని చూసి ఎవరైనా "వణక్కం" అన్నప్పుడు మనం నవ్వినట్టే.

అసాంతె, అకువపెమ్, ఫాంతె

పుస్తకం తెరిచినవాళ్ళు మొదట చిక్కుకునేది ఇక్కడే. ఒక పుస్తకంలో రెండు అంటే "అబియెన్", ఇంకోదాంట్లో "మ్మియెను". ఒకచోట నీళ్ళు "న్‌సు", ఇంకోచోట "న్‌సువొ". రెండూ సరైనవే. మొదటిది అకువపెమ్ యాస, రెండోది అసాంతె.

దీని వెనక చిన్న చరిత్ర ఉంది. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన బాసెల్ మిషన్ అకువపెమ్ కొండల్లో, అక్రొపాంగ్‌లో స్థిరపడింది. అందుకని ట్వికి రాత ముందు ఆ యాసలోనే వచ్చింది. 1871లో పూర్తి బైబిలు అచ్చయింది. క్రిస్టాలర్ అనే జర్మన్ మిషనరీ 1875లో వ్యాకరణం, 1881లో నిఘంటువు తెచ్చాడు. మన దగ్గర బ్రౌన్ దొర తెలుగుకు చేసిన పనిలాంటిదే అనుకోండి. అలా పుస్తకాల భాషగా అకువపెమ్‌కు పరువు దక్కింది. బజారు, రేడియో, సినిమా మాత్రం అసాంతె చేతిలోకి వెళ్ళిపోయాయి. పాత పుస్తకం చదివి కుమాసి బజారుకు వెళ్తే గ్రాంథికంలో బెండకాయలు కొన్నట్టుంటుంది.

ఒక్క ఉదాహరణ. "వెళ్తున్నాను" అనేది పుస్తకంలో "మెరెకొ". కుమాసి నోట్లో ఆ "రె" కరిగిపోయి ముందున్న అచ్చు సాగుతుంది, "మే...కొ" అన్నట్టు వినిపిస్తుంది. నేను వారం రోజులు ఇది వేరే క్రియ అనుకున్నాను.

అసాంతె, అకువపెమ్ మాట్లాడేవాళ్ళు ఒకరికొకరు ఇబ్బంది లేకుండా అర్థమవుతారు. మన కోస్తా, తెలంగాణ మాటల మధ్య దూరం కన్నా ఎక్కువేమీ కాదు. ఫాంతె ఇంకాస్త దూరం. తిండిని అసాంతెలో "అదువానె" అంటే ఫాంతెలో "ఎజిబాన్" అంటారు, ఒకటి అన్న మాట కూడా "బాకొ" కాదు, "కొర్". కేప్ కోస్ట్‌లోనో టకొరాడిలోనో ఉండబోతున్నా, అత్తగారిల్లు అటువైపు అయినా ఫాంతెయే నేర్చుకోండి. మిగిలిన అందరికీ అసాంతె. ట్యూటరును అడిగేటప్పుడు "ట్వి" అని ఊరుకోకుండా "అసాంతె ట్వి" అని స్పష్టంగా చెప్పండి. వాడబోయే పుస్తకంలో రెండు అంకె ఎలా రాశారో చూస్తే అది ఏ యాసదో పట్టేయొచ్చు.

ఇంగ్లీషు మీదుగా వెళ్ళొద్దు

దొరికే కోర్సులన్నీ ఇంగ్లీషు వచ్చినవాడి కోసం రాసినవే. వాడికి వింతగా కనిపించేవాటి మీద పేజీలకు పేజీలు ఖర్చుపెడతాయి. వాటిలో సగం మనకు వింత కానే కాదు. ఇది నాకు ఆలస్యంగా తట్టింది. తట్టాక నోట్‌బుక్ మొత్తం తిరగరాశాను.

"ఫా" అంటే తీసుకో. "బ్రా" అంటే రా. "ఫా బ్రా" అంటే? తీసుకురా. "ఫా కొ" అంటే తీసుకుపో. దీన్ని ఇంగ్లీషు పుస్తకం క్రియల వరుస అని పేరుపెట్టి అధ్యాయం చివర పెడుతుంది. మనం పుట్టినప్పటినుంచి మాట్లాడుతున్నదే కదా.

"వెళ్తాను" అనడానికి "మెకొ", "వెళ్ళను" అనడానికి "మెన్‌కొ". లేదు, కాదు అని విడిగా ఒక మాట తెచ్చి తగిలించరు. మన "రాను", "తినను"లో లాగా కాదనడం క్రియ లోపలే ఉంటుంది. మనకు అది చివర్న, వాళ్ళకు మధ్యలో ముక్కుతో పలికే ఒక అక్షరం.

"ఎకొమ్ దె మె" అంటే ఆకలి నన్ను పట్టుకుంది అని. నేను ఆకలిగా ఉన్నాను అని వాళ్ళూ అనరు, మనమూ అనం. మనకు ఆకలి వేస్తుంది, చలి వేస్తుంది, దాహం వేస్తుంది. వాళ్ళకూ అంతే, చలికి "అవొ దె మె". దాహానికి వాళ్ళ మాటను విడదీస్తే నీళ్ళ ఆకలి అని వస్తుంది. ఇంత అందమైన మాటను నేను మర్చిపోలేదు.

బల్ల మీద అన్నప్పుడు "మీద" తర్వాత వస్తుంది కదా, వాళ్ళకూ తర్వాతే. "పొనొ నొ సొ", అంటే బల్ల, ఆ, మీద. గదిలో అంటే "దాన్ నొ ము". కోఫీ ఇల్లు అంటే "కోఫి దాన్". విభక్తి గొడవ కూడా లేదు.

చుట్టరికాలు ఇంకా దగ్గర. తల్లి అన్నదమ్ముడు "వొఫా", తండ్రి తోబుట్టువు "సెవా". ఇంగ్లీషు పుస్తకం ఇక్కడ రెండు లైన్ల వివరణ రాసుకుంటుంది. మనం మేనమామ, మేనత్త అని రాసుకుని పేజీ తిప్పేయొచ్చు. అయితే వాళ్ళ వొఫా బరువు మన మేనమామ కంటే ఎక్కువ. ఆకాన్లలో వంశం తల్లివైపు నుంచి లెక్క. ఆస్తీ, హోదా మామ నుంచి మేనల్లుడికి వెళ్ళడం సంప్రదాయం. కుమాసిలో అసాంతె రాజు అసాంతెహెనె అయ్యే హక్కు కూడా తల్లి వంశం ద్వారానే. కాస్త పెద్దవయసు మగవాణ్ణి చనువుగా "వొఫా" అని పిలిస్తే బాగా కలిసిపోతారు.

తెలుగు మోసం చేసే చోట్లు కూడా ఉన్నాయి. "నానా" అంటే నాన్న కాదు, తాతో అవ్వో, లేకపోతే ఊరి పెద్ద. "పాపా" అంటే నాన్న. "మామె" అంటే అమ్మ. మా అబ్బాయి స్నేహితుడు వాళ్ళమ్మను "మామె" అని పిలుస్తుంటే మావాడు రెండు రోజులు అనుమానంగా చూశాడు. వాక్యంలో క్రియ చివరకు రాదు, మధ్యలోనే వచ్చేస్తుంది. విశేషణం నామవాచకం తర్వాత వస్తుంది, పెద్ద ఇల్లు వాళ్ళకు ఇల్లు పెద్ద. అతనికీ ఆమెకూ ఒకటే మాట. పెద్దవాళ్ళకు మీరు, చిన్నవాళ్ళకు నువ్వు అన్న తేడా లేదు, ఎవరికైనా "వొ". గౌరవం చూపించాలని ఒక్కరినే బహువచనంలో పిలవకండి, వెనక ఇంకెవరున్నారా అని చూస్తారు. గౌరవమంతా వరసపెట్టి పిలవడంలో, "మెపా వొ చెవ్" అనడంలో ఉంటుంది. దయచేసి అని అర్థం, అక్షరాలా అయితే నీకు నా టోపీ తీస్తున్నాను అని.

ఇక ఉచ్చారణ. ట్విలో ఎ రెండు, ఒ రెండు. నోరు కాస్త మూసి పలికేది ఒకటి, బాగా తెరిచి పలికేది ఇంకొకటి. తెరిచి పలికేవాటికి వేరే అక్షరాలున్నాయి, ఒకటి 3 అంకెను అద్దంలో చూసినట్టు, ఇంకోటి సి అక్షరాన్ని తిరగేసినట్టు ఉంటాయి. ఫోన్లో ఆ అక్షరాలు దొరక్క అక్కడి జనం 3 అంకె, మూసే బ్రాకెట్టు కొట్టేస్తారు. మీకు వచ్చే మెసేజీల్లో అంకెలు కనిపిస్తే కంగారుపడకండి. ఈ తేడా మన నోట్లోనూ ఉంది, మనం గమనించం అంతే. "కోడి" అని, వెంటనే "కోట" అని చూడండి. "మేలు" అని "మేడ" అనండి. రెండోసారి నోరు ఎక్కువ తెరుచుకుంటుంది. ఆ తెరుచుకున్న శబ్దమే కావాలి. నోట్‌బుక్‌లో అలాంటి చోట అక్షరం కింద గీత పెట్టుకోండి.

మనకు అసలు లేనిది స్వరం. హెచ్చు, తగ్గు. "పపా" అన్న ఒకే రాత ఎత్తి పలికితే మంచి, దించి ఎత్తితే నాన్న, రెండూ దించితే విసనకర్ర. రాతలో గుర్తులేమీ ఉండవు. చదివి నేర్చుకోవడం ఎందుకు కుదరదో ఈ ఒక్క మాట చెప్తుంది.

యాపా, పుస్తకమా, మనిషా?

యాపుల సంగతి తొందరగా తేల్చేస్తాను. డ్యుయొలింగోలో ఆఫ్రికా భాషలంటే స్వాహిలి, జులు లాంటివి ఉన్నాయి, నేను చూసినంతవరకు ట్వి లేదు. ట్వి నేర్పుతామనే చిన్న యాపులు కొన్ని ఉన్నాయి. ఒకదానికి నేను ఏడాది చందా కట్టాను. రంగులు, జంతువులు, శరీర భాగాలు నేర్పింది. మూడు నెలల తర్వాత నాకు మొసలిని ట్విలో ఏమంటారో తెలుసు, చిల్లర ఇవ్వమని అడగడం తెలియదు. పదాలు గుర్తుపెట్టుకోవడానికి యాప్ పర్వాలేదు. డబ్బు మాత్రం కట్టొద్దు.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ట్వి 2022 మేలో వచ్చింది, మన భోజ్‌పురి, మైథిలి, సంస్కృతం వచ్చిన విడతలోనే. ఘనా వాళ్ళే చేసిన ఖాయా అనే అనువాద యాప్ కూడా ఉంది, అందులో ట్వితో పాటు గా, ఎవె ఉన్నాయి. వచ్చిన మెసేజి అర్థం చేసుకోవడానికి రెండూ ఉపయోగం. మీరు చెప్పాల్సిన వాక్యాన్ని వాటిని అడిగి, అది బట్టీపట్టి బజారుకు వెళ్ళకండి. ట్విలో దొరికే రాతలో మతగ్రంథాల వాటా ఎక్కువ, అందుకేనేమో ఆ అనువాదాలు ఒక్కోసారి ఆదివారం ప్రసంగంలా వినిపిస్తాయి.

పాత కోర్సు గురించి చెప్తే చాలామంది పెదవి విరుస్తారు. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగుల కోసం 1963లో తయారుచేసిన ట్వి కోర్సు అది. పుస్తకం, ఆడియో రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. టైపు మిషను అక్షరాలు, గరగరలాడే టేపు. ఘనా కరెన్సీ అయిన సీడీ 1965లో వచ్చింది, ఈ కోర్సు అంతకు ముందుది కాబట్టి డబ్బు లెక్కలు పనికిరావు. కానీ దీనిలో ఉన్న గుణం కొత్త యాపుల్లో నాకు కనబడలేదు. ఒకే వాక్యాన్ని ఇరవై రకాలుగా తిప్పి తిప్పి పలికిస్తుంది. ఒంటరిగా, డబ్బు ఖర్చు లేకుండా నేర్చుకోవాలంటే నా ఓటు దీనికే. ఎవరూ చూడకుండా గట్టిగా పలకగలిగే చోటు కావాలి, అంతే. నేను కారులో పలికేవాణ్ణి.

సినిమాలు, టీవీ, రేడియో నేర్చుకోవడానికి కాదు, చెవికి. అక్రాలో 1999లో మొదలైన పీస్ ఎఫ్ఎం ఉదయం చర్చలు వింటే మొదట్లో వర్షం శబ్దంలా ఉంటుంది. దానికన్నా డబ్బింగ్ సీరియల్ నయం. అడొమ్ టీవీ హిందీ సీరియల్ కుంకుమ్ భాగ్యను ట్విలో వేసింది, ఊరంతా దానికి అతుక్కుపోయింది. అత్తాకోడళ్ళ గొడవ ఏమిటో బొమ్మ చూస్తే మనకు అర్థమైపోతుంది కాబట్టి, మాట మీద దృష్టి పెట్టొచ్చు. మా ఆవిడ ట్విలో తిట్లన్నీ అక్కడే నేర్చుకుంది. నాకు చెప్పదు.

మిగిలింది మనిషి. ఇక్కడ మళ్ళీ రెండు రకాలు. ఆఫీసులో స్నేహితుడు ఉచితమే, కానీ మీరు రెండు ముక్కలు తడబడగానే జాలిపడి ఇంగ్లీషులోకి మారిపోతాడు. తప్పు అతనిది కాదు, అతనికి పని ఉంది. అందుకే డబ్బిచ్చి పెట్టుకున్న ట్యూటర్ మెరుగు, ఆ గంట మీది. ఘనాలో ఉంటే దగ్గర్లోని విద్యార్థిని ఇంటికి పిలిపించుకోవచ్చు, బయట ఉంటే వీడియో కాల్. డిగ్రీ చూడకండి. మొదటి క్లాసులో "పపా" మూడు రకాలుగా పలికించండి. "తె సొ", "తొ సొ" తేడా అడగండి. మీ తప్పును ఆపి దిద్దితే పెట్టుకోండి. ఏం పలికినా "బాగుంది, బాగుంది" అంటే ఇంకొకర్ని వెతకండి. నా మొదటి ట్యూటర్ అలాంటి మంచి మనిషే. ఆరు వారాలు నన్ను పొగిడాడు.

ట్యూటర్‌కు సిలబస్ వదిలేయొద్దు. చాలామంది అక్షరాలతో, అంకెలతో మొదలుపెడతారు. అంకెలు వెనక్కి నెట్టండి. బజార్లో ధరలు సగం ఇంగ్లీషులోనే చెప్తారు. 2007లో పదివేల పాత సీడీలను ఒక కొత్త సీడీ చేశారు, కొందరు పెద్దవాళ్ళ నోట పాత లెక్క ఇప్పటికీ వస్తుంది, అది ట్వి వచ్చినా అర్థం కాదు. ముందు పలకరింపులు పట్టండి, ముఖ్యంగా జవాబులు. పొద్దున "మాచే", మధ్యాహ్నం "మాహ", సాయంత్రం "మాజ్వొ". ఇవి ఏ యాపైనా చెప్తుంది. జవాబు మాత్రం ఎదుటి మనిషిని బట్టి మారుతుందని చెప్పదు. పలకరించింది తండ్రి వయసువాడైతే "యా అజా", తల్లి వయసావిడైతే "యా ఎనా", ఈడువాడైతే "యా నువా", చిన్నపిల్లలైతే "యా ఒబా". వరస కలిపి మాట్లాడటం మనకు కొత్తా? పని చేసుకుంటున్నవాళ్ళ పక్కనుంచి వెళ్తూ "అయెకూ" అనాలి. కష్టపడుతున్నావు, శభాష్ అన్న పలకరింపు అది. మనకు ఇలాంటిది ఒకటుంటే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది. పలకరించకుండా నేరుగా ధర అడగడం అక్కడ మొరటుతనం. ఎడమచేత్తో డబ్బివ్వడం కూడా, అది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత బజారు మాటలు. ఎంత, "ఎయె సెన్". తగ్గించు, కొసరు మీకు వచ్చేశాయి. మాంసం ముట్టనివాళ్ళకు "మెన్‌వె నమ్" ప్రాణంతో సమానం. అయితే "నమ్" అంటే మాంసమూ చేపా రెండూ కాబట్టి ఒక్క మాటతో రెండూ తప్పుతాయి. పులుసులో వేసిన ఎండుచేప పొడిని మాత్రం చాలామంది చేపగా లెక్కపెట్టరు, అది విడిగా అడిగి తెలుసుకోండి.

ఇంగ్లీషులోకి జారిపోయేవాళ్ళను వెనక్కి లాగడానికి మూడు మాటలు నన్ను కాపాడాయి. "మెరెసువా చ్వి", ట్వి నేర్చుకుంటున్నాను. "కసా బ్రెఒ", నెమ్మదిగా మాట్లాడు. "సాన్ కా", మళ్ళీ చెప్పు. కెంకె అనే పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలు అమ్మే ఆవిడనో, ఇంగ్లీషు మీద పెద్ద ఇష్టం లేని వాచ్‌మన్‌నో ఒకర్ని ఎంచుకుని రోజూ వాళ్ళతో రెండు నిమిషాలు మాట్లాడండి. అందరితో కాదు, ఒకరితోనే. వాళ్ళకు మీ తప్పులు అలవాటవుతాయి, మీకు వాళ్ళ గొంతు అలవాటవుతుంది.

ఎవరికి ఏది

నెలలో ప్రయాణం, కుమాసి ఉద్యోగం: వెళ్ళేలోపు ఆ పాత కోర్సులో మొదటి పాఠాలు చాలు, ట్యూటర్‌ను అక్కడికెళ్ళాకే చూసుకోండి, చవకగా, ఎదురుగా దొరుకుతారు. అక్రాలో ఆఫీసు, కారు, అపార్ట్‌మెంటు జీవితం: పలకరింపులు, బజారు మాటలు నేర్చుకుని ఆగండి, ఇష్టం పుడితే ముందుకెళ్దురుగాని. భర్త ఆఫీసుకెళ్తే ఇంటి దగ్గరుండేవాళ్ళు అందరికన్నా తొందరగా నేర్చుకుంటారు, వాళ్ళకు బజారుతో రోజూ పని. వాళ్ళ మీద ట్యూటర్ డబ్బు పెట్టడం అన్నిటికన్నా మంచి ఖర్చు. మా ఇంట్లో నాకు పెట్టి తప్పు చేశాం. విదేశంలో ఉండి ఘనా కుటుంబంలోకి పెళ్ళిచేసుకోబోతున్నవాళ్ళు ముందు యాస తేల్చుకుని, వీడియో ట్యూటర్ దగ్గర పలకరింపుల జవాబులు, వరసలు, "మెపా వొ చెవ్" నేర్చుకోండి. మొదటి విందుకు అవి సరిపోతాయి.

దేనితో మొదలుపెట్టినా, దానికి ముందు ఒక పని చేయండి. మీరు ఏ వారం పుట్టారో కనుక్కోండి. పంచాంగం చూడండి, అమ్మను అడగండి. ఆకాన్లకు పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు ఉంటుంది. శుక్రవారం మగపిల్లాడు కోఫి, ఐక్యరాజ్యసమితి నడిపిన కోఫీ అన్నన్ 1938లో శుక్రవారం నాడే పుట్టాడు. శనివారం క్వామె, బుధవారం క్వాకు. ఆడపిల్లలైతే శనివారం ఆమా, శుక్రవారం అఫియా, ఆదివారం అకొసువా. పరిచయమైన మొదటి వారంలోనే ఎవరో ఒకరు అడుగుతారు, తెలియదంటే అయ్యో అంటారు. మా ఆవిడ మంగళవారం పుట్టింది, అంటే అబెనా. మూడేళ్ళుగా మేం పండ్లు కొనే ఆవిడకు ఆ పేరు తప్ప మా ఆవిడ అసలు పేరు తెలియదు.